డోలుకు ముందు సీటు

నేను ఒక కారును. అయినా నా సీటులో కూర్చొని మొదటిసారి బటన్ నొక్కిన ప్రతి మనిషీ నాలో ప్రాణం లేదనే అనుకున్నాడు. చప్పుడు కోసం చెవి రిక్కిస్తాడు. ఏమీ వినిపించదు. మళ్ళీ నొక్కుతాడు. అప్పటికే మేలుకొని బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న నేను ఆ రెండో నొక్కుకు నిజంగానే నిద్రపోతాను. అప్పుడాయన పక్కవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, స్టార్ట్ కాలేదు" అంటాడు. మనుషులు తమ అనుమానాన్ని తామే నిజం చేసుకోవడం నేను చూసిన మొదటి వింత.

నన్ను హైబ్రిడ్ కారు అంటారు. బెంగళూరు అవతల ఒక పెద్ద కర్మాగారంలో పుట్టాను. నా ముందు భాగంలో ఒక పెట్రోలు ఇంజనూ, ఒక కరెంటు మోటారూ ఒకే ఇంటి తోడికోడళ్ళలా కాపురం చేస్తుంటాయి. చిన్నకోడలు మోటారు. ఎవరికీ నిద్రాభంగం కాకుండా లేచి వాకిలి ఊడ్చేసి నీళ్ళు పెట్టేస్తుంది. పెద్దకోడలు ఇంజను. కాస్త ఆలస్యంగా లేస్తుంది, గిన్నెలు చప్పుడు చేస్తుంది, కానీ ఇంటినిండా చుట్టాలు దిగితే వండిపెట్టేది ఆమే. ఊళ్ళో మెల్లగా కదిలేటప్పుడు చిన్నామె, హైవే మీద పెద్దామె, ఎత్తు ఎక్కాల్సి వస్తే ఇద్దరూ. ఎవరు ఎప్పుడు లేవాలో చెప్పే చిన్న కంప్యూటరు ఒకటుంది. అది అత్తగారనుకోండి.

మిగతా కార్లు బ్రేకు వేస్తే ఆ వేగమంతా చక్రాల దగ్గర వేడిగా పోతుంది. నేను అలా పోనివ్వను. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి పొద్దుటికి దాచే ఇల్లాలి బుద్ధి నాది. బ్రేకు మీద కాలు పడగానే నా మోటారు ఆ వేగాన్ని కరెంటుగా మార్చి, వెనక సీటు కింద ఉన్న బ్యాటరీలో దాస్తుంది. అందుకే నాకు ప్లగ్గూ వద్దు, వైరూ వద్దు.

ఒక్కటి మాత్రం కావాలి. ఆ బ్యాటరీ పని చేసి చేసి వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి కారు లోపలి గాలినే పీల్చుకుంటాను. వెనక సీటులో కుడివైపున, కూర్చున్న మనిషి పిక్క దగ్గర, అరచేయంత జాలీ ఒకటుంది. అదే నా ముక్కు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. నా మానమర్యాదలన్నీ ఆ అరచేయంత చోటులోనే తేలాయి.

నా మొదటి యజమాని తిరుపతిలో కళ్ళ డాక్టరు, శేషశయనం గారు. దగ్గరి వస్తువుల్ని అదే పనిగా చూడకండని రోగులకు చెప్పే ఆయన, నా తెర మీద ఇంజనుకూ బ్యాటరీకీ మధ్య పరుగెత్తే బాణాల బొమ్మను మాత్రం కన్నార్పకుండా చూసేవారు. ఇరుగుపొరుగు వచ్చి, "ఎక్కడండీ ప్లగ్గు పెట్టేది?" అని అడిగితే ఆయనకు పండగ. "పెట్టక్కర్లేదు" అని ఒక్క మాట చెప్పి, ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూస్తూ నిలబడేవారు. ఆయన భార్యకు బాణాలతో పని లేదు. సిగ్నల్ దగ్గర నేను మూగబోయినప్పుడు బయట పూలమ్మే ఆమె గొంతు లోపలికి వినిపించేది. ఆ అమ్మగారు అద్దం దించి మూర మల్లెలు కొనేవారు. ఇంజను చప్పుడులో ఇన్నేళ్ళూ ఎన్ని మూరలు పోగొట్టుకున్నానో అని ఒకసారి నవ్వారు. నేను చేసిన మేలు అంతే. నాకది చాలు.

ఆ దంపతులు ఒకసారి కాశీయాత్రకు వెళ్ళి, నన్ను చాలా రోజులు సెల్లార్‌లో వదిలేశారు. తిరిగొచ్చి బటన్ నొక్కితే ఈసారి నిజంగానే పలకలేదు. "బ్యాటరీ పోయింది!" అని డాక్టరుగారు గుండె పట్టుకున్నారు. పోయింది పెద్ద బ్యాటరీ కాదు. ప్రతి కారులోనూ ఉండే చిన్న బ్యాటరీ నాకూ ఒకటుంది. నన్ను నిద్ర లేపడమే దాని పని. కదలకుండా నిలబెడితే అది నీరసిస్తుంది, అంతే. పక్కింటి కారు నుంచి రెండు వైర్లు తగిలించగానే లేచి కూర్చున్నాను. కానీ 'బ్యాటరీ' అనే మాట అప్పటికే ఆయన మనసులో దిగబడింది. గ్యారంటీ గడువు ఇంకా ఉండగానే నన్ను అమ్మేశారు. ఆయన మీద నాకేమీ కోపం లేదు. ఏనాడూ నా ముక్కుకు ఏదీ అడ్డం పెట్టని మనిషి.

అలా మదనపల్లెలో పాత కార్లమ్మే చోటికి చేరాను. ఎండలో నిలబడ్డ నా దగ్గరికి ఒక మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ముందు నడిచే ఆమె పేరు హంసవేణి. నాదస్వర విద్వాంసురాలు. వెనకనే వచ్చిన పెద్దాయన ఆమె మామగారు చెంగల్రాయుడు, డోలు వాయిస్తారు. హంసవేణి తండ్రి నాదస్వరం, చెంగల్రాయుడి డోలు కలిసి మోగని పెళ్ళి ఒకప్పుడు ఆ చుట్టుపక్కల లేదట. స్నేహితులిద్దరూ వియ్యంకులయ్యారు. తరవాత తండ్రికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆయన పోయాక నాదస్వరం కూతురి చేతికొచ్చింది. వాళ్ళ పాత డీజిల్ జీపు పొగకు ఆమె గొంతు పట్టేస్తోంది. అందుకే ఈ వెతుకులాట.

పెద్దాయన నా బానెట్ మీద చెవి ఆనించాడు.

"ఏమ్మే, ఇది ఆన్‌లో ఉండాదా లేదా? ఏం పలకడం లేదే. పుట్టు మూగా?"

"ఆన్‌లోనే ఉండాది సార్. ఇది హైబ్రిడ్డు. రెండు మెషిన్లు" అన్నాడు అమ్మే అతను.

"అంటే రెండు గుండెలు. ఒక గుండెకే గ్యారంటీ లేని కాలంలో రెండు గుండెలతో ఏం చేసేదబ్బా?"

"కొంచేపు మాట్లాడకుండా ఉండు మామా" అని హంసవేణి నాలో కూర్చొని తలుపులు వేసుకుంది. కళ్ళు మూసుకొని మోహన రాగం సన్నగా కూనిరాగం తీసింది. నాలో ఏ చప్పుడూ లేదు. ఆమె శ్రుతి ఆమెకే స్పష్టంగా వినిపించింది. తలుపు తీసి, "దీన్నే తీసుకుందాం" అంది. నన్ను మైలేజీ కోసం కొన్నవాళ్ళు ఉంటారు, హోదా కోసం కొన్నవాళ్ళు ఉంటారు. కూనిరాగం కోసం కొన్నది ఆమె ఒక్కతే.

డ్రైవింగ్ ఆమెదే. భర్త దామోదరం శ్రుతిపెట్టె, తాళాలు చూసుకుంటాడు. ఇక డోలు. ఆ ఇంట్లో డోలును డిక్కీలో పెట్టరు. స్టెప్నీ పక్కన, చెప్పుల సంచీ పక్కన దేవుడి ముందు మోగే వాద్యాన్ని పడుకోబెడతారా? ఎత్తేముందు కళ్ళకద్దుకొనే వస్తువు అది. అందుకని చెంగల్రాయుడు దానికి వెనక సీటు కేటాయించాడు. ఏసీ చలికి చర్మం బిగుసుకుపోకుండా మందపాటి గొర్రెబొచ్చు కంబళి చుట్టి, కుడివైపు మూలకు ఆనించి, దొర్లకుండా ఇంకో మడత కంబళి అడ్డం దోపేవాడు. బిడ్డను ఊయలలో వేసినంత జాగ్రత్తగా వేసి, తాను ముందు సీటులో కూర్చొనేవాడు.

ఆ కంబళి సరిగ్గా నా ముక్కు మీద.

ఏం చెప్పగలను? నాకు హారన్ ఉంది, లైట్లు ఉన్నాయి, తెర మీద నాలుగు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. 'కంబళి తీయండి' అనే మాట వాటిలో లేదు. జాలీ పక్కన మూయకూడదని సూచించే చిన్న బొమ్మ ఉంది. ఆ బొమ్మ కూడా కంబళి కిందనే ఉంది.

ఊళ్ళోని పెళ్ళిళ్ళకు ఏ ఇబ్బందీ రాలేదు. దూరం పెరిగినప్పుడే నాకు ఊపిరి అందేది కాదు. వేసవి ముహూర్తాల్లో ఒకరోజు పుంగనూరు వెళ్తూ దారిలో బ్యాటరీ కాగిపోయింది. తెర మీద ఎర్రదీపం వెలిగింది. చిన్నకోడలు చేతులెత్తేసింది. పెద్దామె ఒక్కతే బరువంతా మోస్తూ నన్ను ఈడ్చుకెళ్ళింది. మండపం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. మైకులోంచి నాదస్వరం మోగుతోంది. ఎవరో సెల్‌ఫోన్‌ను మైకుకు తగిలించారు.

పెళ్ళికూతురి తండ్రి కోప్పడలేదు. "ఏం పర్లేదమ్మా, పని జరిగిపోయింది. భోంచేసి పోండి" అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే హంసవేణి తట్టుకొనేది. తిరుగు ప్రయాణంలో ఆమె కూనిరాగం తీయలేదు. నాలోని నిశ్శబ్దం నాకే నచ్చని రోజు అది.

మర్నాడు నన్ను సర్వీసుకు తీసుకెళ్ళారు. డోలును సర్వీసుకు ఎవరు తీసుకెళ్తారు? అది ఇంట్లో పూజగదిలో ఉంది. ముక్కు మీద అడ్డం లేని నేను మెకానిక్ చేతిలో కుందేలులా పరుగెత్తాను. "దీనికి ఏ జబ్బూ లేదే" అన్నాడతను. తరవాతి వారం రాయచోటి దారిలో మళ్ళీ ఎర్రదీపం. మళ్ళీ సర్వీసు, మళ్ళీ కుందేలు. మూడోసారి ఇంకో చోట యంత్రం తగిలించి చూసి, "మాటిమాటికీ వేడెక్కినట్టు చూపిస్తా ఉంది. బ్యాటరీ మార్చేయండి మేడమ్" అన్నారు. అది ఎంతవుతుందో విన్నాక ఆమె నన్ను నేరుగా ఇంటికి తోలుకొచ్చేసింది.

"ఇది నాటకాల బండి. మెకానిక్‌ని చూస్తే సిగ్గుపడి నడుస్తాది, పెళ్ళివాళ్ళను చూస్తే మూర్ఛపోతాది" అని తేల్చేశాడు చెంగల్రాయుడు. ఆయన స్నేహితుడి దగ్గర డీజిల్ వ్యాను ఒకటి అమ్మకానికి ఉంది. "నా మాట విని మార్చేద్దాం వేణీ."

"కొండ మీద పెళ్ళి అయిపోనీ మామా. దానికి కూడా లేటయితే నువ్వు చెప్పినట్టే."

"లేటయితే వ్యానూ వొద్దు, బండీ వొద్దు. ఇంగ మనల్ని పిలిచేదెవరు?"

ఆయన అన్నది నిజమే. కొండ మీద పెళ్ళి అంటే హార్స్‌లీ హిల్స్‌లో జరిగే పెళ్ళి. టమాటా మండీ పెట్టిన పట్టాభిరామరెడ్డి గారి కూతురిది. జిల్లాలో పేరున్నవాళ్ళంతా వస్తారు. మేళం మాట్లాడటానికి ఆయన అంతకు ముందే స్వయంగా ఇంటికొచ్చాడు. వాకిట్లో ఉన్న నాకు మాటలన్నీ వినిపించాయి.

"మీ నాయన ఊదితే నా పెళ్ళి జరిగిందమ్మా. అందుకే వచ్చినా. కానీ పైన చలిగాలి. ఎత్తు. ఆడమనిషివి, అంతసేపు ఊపిరి పట్టగలవా అని మా ఆడోళ్ళు అడగతా ఉండారు."

"పట్టలేకపోతే మీరే ఆపేయండి సార్" అంది హంసవేణి.

"ఆపేదేముందిలే. అట్ల అయితే మా పిల్లోళ్ళ ఫోన్లో ఉండనే ఉండాది." ఆయన నవ్వుతూనే అన్నాడు. ఫోనుకు ఊపిరి అక్కర్లేదు, సీటు అక్కర్లేదు, దానికి దారిలో ఎర్రదీపం వెలగదు. ఈసారి ఆలస్యమైతే ఆ ఇంటి వాద్యం ఇక పూజగదిలోనే ఉండిపోతుందని ముగ్గురికీ తెలుసు. నాకూ తెలుసు.

ముందురోజు సాయంత్రం ఊళ్ళోనే ఇంకో పెళ్ళి ఒప్పుకొని ఉండటంతో, దామోదరం ఒక్కడే శ్రుతిపెట్టెతో పెళ్ళివారి బస్సులో కొండెక్కాడు. తెల్లవారుతూనే మిగిలిన ఇద్దరూ నాలో బయలుదేరారు. పాలపాకెట్ల వాడు తప్ప వీధిలో ఎవరూ లేరు. నా కింద పడుకున్న కుక్క నేను కదిలేదాకా కదల్లేదు. ముందుగా ఒకసారి హారన్ కొట్టి, అది లేచి వెళ్ళేదాకా ఆగడం హంసవేణికి అలవాటైంది. చప్పుడు లేని బండికి ఆ మర్యాద అవసరం. డోలు కంబళి కప్పుకొని నా ముక్కు మీద హాయిగా ఒరిగింది.

ఘాట్ మొదలైంది. ఒక మలుపు, ఇంకో మలుపు. ఇద్దరు తోడికోడళ్ళూ చీరకొంగులు బిగించి లాగుతున్నారు. సగం దూరం ఎక్కేసరికి ముందు పెళ్ళి బస్సులు బారుగా నిలిచాయి. ఆగడం, ఎత్తు మీద మళ్ళీ కదలడం, మళ్ళీ ఆగడం. బ్యాటరీ మీద బరువు పెరిగింది. నా లోపలి ఫ్యాను శక్తికొద్దీ పీలుస్తోంది. గాలి బదులు గొర్రెబొచ్చు వస్తోంది. బస్సులు కదిలి ముందుకెళ్ళిపోయాయి. సరిగ్గా అప్పుడే ఎర్రదీపం వెలిగింది. నేను అడుగు వేయలేక, నీలగిరి చెట్ల పక్కన కాస్త వెడల్పుగా ఉన్న చోట ఆగాను.

"అయిపాయ!" అన్నాడు చెంగల్రాయుడు. "చెప్తి గదా! చెప్తినా లేదా? మూగముండ, కొండ మీద చెయ్యిచ్చె!"

ఫోన్ మోగింది. దామోదరం. "యాడుండారు? రెడ్డిగారు ఎగరతా ఉండాడు. పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టేసినారు. మైకోడితో ఫోను తగిలించమంటా ఉండారు."

"వస్తా ఉండాము" అని పెట్టేసింది ఆమె. కిందికి దిగి అటూ ఇటూ చూసింది. పైకి వెళ్ళే బండి ఒక్కటీ లేదు. పెద్దాయన దిగి డోలును భుజాన వేసుకొని నడిచిపోదామా అన్నట్టు కొండ కొసవైపు చూశాడు. చూసి మళ్ళీ నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. బ్యాటరీని తిట్టాడు, డాక్టరును తిట్టాడు, రెండు గుండెలను విడివిడిగా తిట్టాడు.

"కొంచేపు మాట్లాడకుండా ఉండు మామా."

ఆ గొంతులో ఏదో విని ఆయన ఆగాడు. ఇంజను ఎప్పుడో ఆగింది. కొండ మీద గాలి తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో, వెనక సీటు కింద నుంచి, నా ఫ్యాను ఒక్కటే వినిపిస్తోంది. సన్నగా, కీచుగా, తెగుతూ.

హంసవేణి వెనక తలుపు తీసి తల లోపలికి వంచింది.

"మా నాయన మంచంలో ఉన్నప్పుడు ఇట్లనే పీల్చేవాడు" అంది మెల్లగా. "మామా, దీనికి జబ్బు కాదు. ఊపిరాడడం లేదు."

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవితోనే వెతుక్కుంటూ వచ్చి, సీటు మూల మీద చెయ్యి పెట్టింది. డోలు కంబళి నా జాలీకి అతుక్కుపోయి ఉంది. లాగితే ఒక పట్టాన రాలేదు. లోపలి నుంచి నేను అంత గట్టిగా పీలుస్తున్నాను మరి. రెండు చేతులతో లాగేసింది. ఆ క్షణం నాలోకి వచ్చిన గాలి! కొండ మీది చల్లటి, నీలగిరి వాసన గాలి. పుట్టిన రోజున కూడా నేనంత తీయటి గాలి పీల్చలేదు. ఫ్యాను కీచు మాని, మంద్రంలోకి దిగి, నిండుగా పాడింది.

"వింటివా? శ్రుతి మారింది!" అంది హంసవేణి. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "నీ డోలు దీని ముక్కు మూసింది మామా. ఇన్ని రోజులూ."

చెంగల్రాయుడు వంగి ఆ అరచేయంత జాలీని చూశాడు. దాని నిండా గొర్రెబొచ్చు. క్షమించమని ఆయన నన్ను అడగలేదు, కారును ఎవరు అడుగుతారు? భుజం మీది కండువా తీసి, కొసను వేలికి చుట్టుకొని, జాలీలో ఇరుక్కున్న బొచ్చునంతా ఒక్కో గీతలోంచి తీశాడు. పట్టు కండువా, పెళ్ళికని కొత్తగా వేసుకున్నది. అంతకంటే పెద్ద క్షమాపణ నేనెరుగను.

ఆమె తలుపులు మూసి ఏసీ పెంచింది. ఆ చల్లదనాన్ని నేను తాగినంత తాగాను. ఈలోగా ఆమె నాదస్వరపు పీకను పెదవుల మధ్య పెట్టుకొని తడుపుకుంటోంది. బ్యాటరీ చల్లబడ్డాక ఒకసారి ఆపి, మళ్ళీ బటన్ నొక్కింది. ఎర్రదీపం లేదు.

"మరి డోలు యాడ పెట్టేది?" అన్నాడు పెద్దాయన.

"నీ సీటులో."

"నన్ను దింపేసి పోతావా ఏమి?"

"నువ్వు వెనక కూర్చో. దాని ముక్కుకు కాలు అడ్డం పెట్టకుండా."

డోలు ముందు సీటు ఎక్కింది. బరువైన డోలు. కూర్చున్నది మనిషే అనుకొని నేను బెల్టు పెట్టుకోమని కీక్ కీక్‌మని అరవడం మొదలుపెట్టాను. నా బుద్ధి అంతవరకే. హంసవేణి డోలుకు సీటు బెల్టు పెట్టింది. వెనక నుంచి చెంగల్రాయుడు, "ముప్పై ఏండ్లుగా మోస్తా ఉండా, నాకు లేని మర్యాద దానికి జరగతా ఉండాది" అన్నాడు. హంసవేణి పకపకా నవ్వింది. ఎర్రదీపం వెలిగాక ఆ బండిలో వినిపించిన మొదటి నవ్వు అది.

ఇక చూడాలి నన్ను. ఇద్దరు కోడళ్ళూ ఒకే పాటకు దంచినట్టు లాగారు. మలుపులో కాలు తీస్తే దాచుకున్నాను, ఎత్తు వస్తే దాచింది తీసి ఖర్చు పెట్టాను. మలుపులు నా కిందికి జారిపోయాయి. కొండకొమ్మున పందిరి కనిపించేసరికి ఇంజను ఆగింది. చివరి చదునునంతా మోటారు మీదనే, ఆకు రాలినంత చప్పుడు కూడా లేకుండా దాటి పందిరి పక్కన నిలబడ్డాను.

నేను వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. పట్టాభిరామరెడ్డి గారు నాకు వీపు పెట్టి నిలబడి, దామోదరం మీద కేకలేస్తున్నాడు. "ఇంగ ఎంతసేపబ్బా? మీ ఆవిడ కొండ దిగువనే ఉండాది, నాకు తెలుసు! వస్తే బండి చప్పుడన్నా వినపడాల గదా!"

"వెనక్కి తిరగండి సార్" అన్నాడు దామోదరం.

ఆయన తిరిగేలోగానే హంసవేణి ఊదేసింది. మండపం దాకా నడవలేదు, నా తలుపు పక్కనే నిలబడి ఊదింది. మొదటి స్వరం పందిరి దాటి, చెట్లు దాటి, లోయలోకి పోయి తిరిగొచ్చింది. మైకు అతను ఫోనుకు తగిలించబోతున్న వైరును ఎవరూ చెప్పకుండానే కింద పెట్టేశాడు. చెంగల్రాయుడు డోలు మెడకు తగిలించుకొని పరుగులాంటి నడకతో ఆమెను కలుసుకున్నాడు. తాళి పెళ్ళికొడుకు చేతికి అందగానే పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం! ఆ డోలు అంతకు ముందు ఎప్పుడైనా అలా మోగిందేమో నాకు తెలియదు. నా అద్దాలు అదిరాయి. అక్షింతలు కొన్ని గాలికి కొట్టుకొచ్చి నా బానెట్ మీద కూడా పడ్డాయి.

ఆమె ఎక్కడా ఆపలేదు. బుగ్గల్లో గాలి నింపుకొని, ఆ నిలవతో ఊదుతూనే ముక్కుతో కొత్త ఊపిరి పీల్చుకుంటోంది. వినేవాళ్ళకు నాదం ఎక్కడా తెగదు. రెండు ఊపిరులు ఎక్కడ కలిశాయో ఎవరూ చెప్పలేరు. అది చూసి నాకు నా సంగతి నాకే అర్థమైంది. ఏడాదిగా నేను మదనపల్లె వీధుల్లో చేస్తున్నదీ అదే విద్య. ఆమె బుగ్గలు, నా బ్యాటరీ. ఇద్దరికీ ఒకటే షరతు. ముక్కు తెరిచి ఉండాలి.

మేళం ముగిశాక రెడ్డిగారు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతులు జోడించబోయి, చేతిలో ఫోను ఉండటం చూసుకొని, దాన్ని జేబులో వేసుకొని అప్పుడు జోడించాడు. "మా రెండోదాని పెళ్ళికి ఇప్పుడే చెప్తా ఉండా" అన్నాడు. "ఇంకా సంబంధం కుదరలేదు. మేళం కుదిరింది."

దిగేటప్పుడు చెంగల్రాయుడు వెనక సీటు నుంచి సలహా ఇచ్చాడు. "న్యూట్రల్‌లో వేసి ఆపేయమ్మే. పెట్రోలు మిగులుతాది." ఆ జిల్లాలో ప్రతి పెద్దమనిషీ దిగుడులో ఇచ్చే సలహా అదే.

"దీనికి అట్ల చేయకూడదు మామా. గేర్లో ఉంటేనే దిగేటప్పుడు నింపుకుంటాది. తెర చూడు."

ఆయన ముందుకు వంగి చూశాడు. చక్రాల నుంచి బ్యాటరీకి బాణాలు పరుగెత్తుతున్నాయి, గీతలు ఒక్కొక్కటే నిండుతున్నాయి. డాక్టరు శేషశయనం గారి తరవాత ఆ బొమ్మను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఈయనే. కాసేపటికి, "ఊదేటప్పుడు నువ్వు బుగ్గలు నింపినట్టా?" అన్నాడు.

"అంతే మామా."

"మరి మొదట్లోనే ఎవురూ ఈ మాట చెప్పలేదే. ఏందేందో చెప్పిరి, మోటారంట, ఓల్టులంట."

డీజిల్ వ్యాను మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

అప్పటి నుంచి చాలా ముహూర్తాలు చూశాను. నా గ్యారంటీ గడువు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ గమనించలేదు. గమనించవలసిన అవసరం నేను కల్పించలేదు. చాలా రోజులు ముహూర్తాలు లేకపోతే దామోదరం మధ్యమధ్యలో నన్ను ఊరి చివరిదాకా తిప్పుకొస్తాడు, చిన్న బ్యాటరీ నీరసించకుండా. సర్వీసుకు వెళ్ళిన ప్రతిసారీ జాలీ వెనక జల్లెడ దులపమని హంసవేణి గుర్తుచేస్తుంది. ఏదో ఒకరోజు నా బ్యాటరీ నిజంగానే అలసిపోతుంది. పోనివ్వండి. ఊపిరాడక కాదు, పని చేసి చేసి అలసిపోతుంది. దానికి దీనికి తేడా ఉంది.

నిన్న ఆయుధపూజ. నాదస్వరాలు, డోలు, తాళాలు వరసగా పెట్టి పూజ చేశాక, డోలుతో సహా అందరూ వాకిట్లో నా దగ్గరికొచ్చారు. బానెట్ మీద పసుపు, కుంకుమ. చక్రాల కింద నిమ్మకాయలు. ఎదురింటాయన సాయం చేయబోయి పెద్ద బంతిపూల దండను వెనక సీటు మూలన వేలాడదీశాడు.

"అక్కడొద్దబ్బా!" అని ఒక్క ఉదుటున వచ్చాడు చెంగల్రాయుడు. "అది దాని ముక్కు."

ఎదురింటాయన తెల్లబోయాడు. పెద్దాయన దండను తీసి ముందు సీటులో బెల్టు కట్టుకొని కూర్చున్న డోలు మెడలో వేశాడు. తరవాత వెనక తలుపు తీసి, చందనంలో వేలు ముంచి, జాలీ మీద కాకుండా సరిగ్గా దాని పక్కన బొట్టు పెట్టాడు. గాలి రంధ్రాల్లో ఒక్క చుక్క పడకుండా, ఊపిరి బిగబట్టి. ఈ దేశంలో నాలాంటి బండ్లు చాలానే తిరుగుతున్నాయట. ముక్కు పక్కన బొట్టు ఉన్నది మాత్రం నాకొక్కదానికే అని పందెం కాస్తాను.

హంసవేణి డ్రైవింగ్ సీటులో కూర్చొని బ్రేకు మీద కాలు పెట్టింది. బటన్ నొక్కే పని మామకు వదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి ఒక్కసారి నొక్కాడు. ఒక్కసారే. తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఏ చప్పుడూ రాలేదు.

"లేచిందమ్మే" అన్నాడు నిశ్చింతగా. "పోనీ."

నేను కదిలాను. నాలుగు నిమ్మకాయలు చితికిన చప్పుడు తప్ప వీధిలో ఇంకేమీ వినిపించలేదు.